పెద్దమ్మ నాలుక మీది మంట

పెద్దమ్మ పోయిందని వాళ్లబ్బాయి, మా అన్నయ్య, ఫోన్ చేసేటప్పటికి నేను మాదాపూర్‌లో ఆఫీసు ముందు క్యాబ్ దిగుతున్నాను. పొద్దున్నే టీ ఇద్దామని కోడలు లేపితే లేవలేదట. గుండె ఆగిపోయిందన్నారు. "నిద్రలోనే పోయింది, కష్టపడలే" అన్నారు చూడవచ్చినవాళ్లు. ఆమె పడిన కష్టం వాళ్లెవరికీ కనబడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. కొండాపూర్ ఇంకా ఊరుగా ఉన్నప్పుడే అక్కడికి కోడలిగా వచ్చింది. గొంతు పెద్దది. ఆమె నవ్వితే వీధి ఆ చివరికి వినబడేది. అన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కోనిదే ముద్ద దిగేది కాదు. "కారం లేకుంటే అది కూరనా, కషాయమా?" అనేది.

కొన్నేళ్ల కిందట ఆమె నోట్లో మంట మొదలైంది. పుండు లేదు, వాపు లేదు, ఎరుపు కూడా లేదు. పొద్దున కాస్త తక్కువగా ఉండి, సాయంత్రానికి నాలుకంతా నిప్పంటుకున్నట్టు ఉండేది. మంచినీళ్లు తాగినా చేదే. పళ్ల డాక్టర్ల చుట్టూ తిరిగింది. ఒకచోట బాగున్న పన్ను కూడా పీకించుకుంది. మంట అలాగే ఉంది.

"రిపోర్టులన్నీ నార్మలే వచ్చినయ్ కదా అత్తమ్మా, ఊకె దాని గురించే ఆలోచించకు" అని కోడలు మెల్లగానే చెప్పేది. చుట్టాలు అంత మెల్లగా చెప్పలేదు. పనిలేక వచ్చిన రోగమన్నారు.

పెద్దమ్మ పెళ్లిళ్లకు పోవడం మానేసింది. పెరుగన్నం గిన్నె పట్టుకుని తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకునేది. మాట్లాడితే మంట పెరుగుతుందని మాటలూ తగ్గించింది. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి అద్దం ముందు నాలుక చాపి నిలబడి ఉంది.

"జర చూడు బిడ్డా, ఏమన్న కనబడుతుందా?"

"ఏం లేదు పెద్దమ్మా."

"ఏమన్న ఉంటే మంచిగుండేది. అందరికి చూపెట్టేదాన్ని." తర్వాత గొంతు తగ్గించి, "ఇగ బతకబుద్ధి అయితలేదు" అంది.

ఆ రోజు ఆమె పక్క నుంచి కదలలేదు నేను. అన్నయ్యకు చెప్పాను. మరునాడు ఇద్దరం కలిసి నోటి జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె తొందరపడకుండా అంతా విన్నారు. "మీకు మంట ఉన్న మాట నిజమేనమ్మా. ఇది నరాల వల్ల వస్తుంది. చూస్తే కనబడదు" అన్నారు.

పెద్దమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. "నమ్మింది బిడ్డా" అంది నాతో.

మంటతో వేగి వేగి మనసు కూడా నలిగిపోయిందని, దానికీ మందు కావాలని ఆ డాక్టరమ్మే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమన్నారు. అన్నయ్య ముఖం ముడుచుకున్నాడు. "నాకు పిచ్చి లేదు కొడుకా, పరేషాన్ ఉంది. పోదాం పా" అని పెద్దమ్మే లేచింది.

మందులు వాడాక మంట పూర్తిగా పోయిందని చెప్పలేను. కొన్ని రోజులు మునుపటిలాగే కాల్చేది. మళ్లీ ఆ గది తలుపు మూసుకునేది. కానీ గడియ పెట్టడం మానేసింది. ఎట్లుందని అడిగితే, "మంట ఉంది. నేనూ ఉన్న" అనేది.

పెద్దమ్మ దినం నాడు మాకెవరికీ తెలియని ఒకావిడ బాచుపల్లి నుంచి వచ్చింది. విస్తరి ముందు కూర్చుంది కానీ చెయ్యి పెట్టలేదు. కొంగుతో నోరు కప్పుకునే ఉంది. వడ్డించేవాళ్లు బలవంతపెడుతుంటే వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"దవాఖానల కలిసినమమ్మా. నాకూ గదే మంట. పొద్దుగూకంగ ఫోన్ చేసేది. 'ఎట్లుందే ఇయ్యాల?' అనేది. తగ్గిందా అని మాత్రం ఎన్నడు అడగలే." కొంగు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "మా ఇంట్ల ఎవ్వరు నమ్మరు. ఇగ నన్నెవరు అడుగుతరు?"

పెద్దమ్మ ఎవరికో ఫోన్ చేసేదని కూడా మాకు తెలియదు.

"ఇయ్యాల ఎట్లుందమ్మా?" అన్నాను.

ఆమె నా వైపు చూసి, కొంగు మెల్లగా కిందికి దించింది. చెప్పడం మొదలుపెట్టింది. చుట్టూ పంక్తి లేచిపోయింది, విస్తళ్లు తీసేస్తున్నారు. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.