ఎల్లాజీకి ఈత వచ్చు

“విహారానికి వెళ్లి, ఈత రాక వైద్య విద్యార్థి మృతి.”

నిన్న సాయంత్రం నాలుగింటికి రాజాం బస్టాండులో నిలబడి ఫోన్ స్క్రోల్ చేస్తున్నాను. ఆ లైను కింద మా ఎల్లాజీ ఫోటో ఉంది. పాస్‌పోర్ట్ కోసం ఇద్దరం కలిసి వెళ్లి తీయించిన ఫోటో.

వాళ్లింటి నుంచి ఫోన్ రాలేదు. ఫ్రెండ్స్ ఎవరూ చెప్పలేదు. ఫోన్లో ఒక వార్తల పేజీ చెప్పింది.

మా ఊరి బస్సు వచ్చింది. వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

ఆ లైను రాసింది మన జిల్లా వార్తల పేజీ నడిపే ఒక పెద్దమనిషి. పేరు రాయను. రాస్తే ఇంకో నలుగురు ఫాలోవర్లు పెరుగుతారు. ఫోన్ చేసి అడిగాను.

“మునిగిపోనాడంటే ఈత రాకే కదా బ్రో? తప్పేటుంది ఇందులో?”

నీకు తెలిసింది వాడి పేరూ, ఊరూ, నీళ్లలో పోయాడన్న సంగతీ. మిగతాది నువ్వు కల్పించావు. కష్టజీవుల పిల్లలు చనిపోతే మీకు వాక్యాలు కూడా రెడీమేడ్‌గా దొరుకుతాయి.

అరిచాను. చాలా అరిచాను.

ఆ తర్వాత ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు. అమ్మ అన్నం పెడితే తిన్నాను. ఏం కూరో గుర్తు లేదు.

తెలియనివాళ్ల కోసం. ఎల్లాజీది కళింగపట్నం. వాళ్ల నాన్న ఎర్రయ్య మావ సముద్రం మీద వేటకి వెళ్తాడు. ఇంటర్‌లో శ్రీకాకుళం హాస్టల్లో వాడిదీ నాదీ ఒకే రూము. మూడేళ్లుగా వాడు కిర్గిజ్‌స్థాన్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు.

సముద్రం లేని దేశం.

ఎప్పుడూ ఏదో ఒక చిన్న పుస్తకం చదివొచ్చి వాదిస్తానని నన్ను “కరపత్రం” అని పిలిచేవాడు.

నాకు ఈత నేర్పింది వాడే.

మాది వరి పొలాల ఊరు. మోకాలి లోతు దాటి నీళ్లు ఎరగను. కళింగపట్నంలో మొదటిసారి అల చూసి వెనక్కి పరుగు తీశాను.

“ఒరే కరపత్రం, లగెత్తకురా! అల సెప్పే వస్తాది. కాళ్ల కింద ఇసకని ఎనక్కి లాగినాదంటే, వస్తన్నాదని. అప్పుడు ఊపిరి పట్టు. అంతే.”

వీపు కింద అరచెయ్యి పెట్టి తేల్చాడు. “ఒదలకురా, ఒదలకు” అని నేను కేకలు.

“ఒదిలేసి సానాసేపైంది మావా. నువ్వే సూసుకోలేదు.”

మా హాస్టల్లో అలా వాడి అరచేతి మీద తేలినవాళ్లు నేనొక్కడినే కాదు. మీలో చాలామంది ఇది చదువుతున్నారు.

నిన్నటి సంగతి.

సెమిస్టర్ ఎగ్జామ్స్ అయిపోయాయి. అక్కడికి వెళ్లాక మొదటిసారి సరదాగా ఊరు దాటాడు. తనూ, నలుగురు క్లాస్‌మేట్సూ, ఒక వ్యాను. కొండల మధ్య పెద్ద చెరువు.

“జల్సాలకి పోతే ఇంతే” అని ఎవరో కామెంట్ పెట్టారు. ఆ జల్సా ఏమిటో చెబుతాను వినండి.

దారిలో గుండ్రటి రొట్టెలు కొన్నారు. వీడు వాళ్లమ్మ పంపిన ఎండు నెత్తళ్ల చేపపొడి డబ్బా మూత తీశాడు. వ్యాను కిటికీలన్నీ ఒకేసారి తెరుచుకున్నాయట. ఆఖరికి డ్రైవరే చెయ్యి చాపి, రొట్టెలో వేయించుకుని తిన్నాడట. చెరువు దగ్గర బూట్లు విప్పి గడ్డి మీద పడుకున్నాడు.

అదీ వాడి జల్సా.

మన టైము పదకొండింటికి నాకు వీడియో కాల్ చేశాడు.

“పొద్దున్నుంచి పుస్తకం ముట్టలేదు మావా. అయ్యకి సెప్పకు.”

ఫోన్ చెరువు వైపు తిప్పాడు.

“సూడు. అల లేదు, పోటు లేదు. నీరు పడుకున్నాది.”

“దిగరా మరి. కళింగపట్నం గుంటడివి, సెరువుకి భయమేటి?”

అది అన్నది నేను.

రాయి మీద ఫోన్ పెట్టి వెళ్లాడు. నాకు ఆకాశం కనిపించింది. ఆకాశాన్ని ఎంతసేపు చూస్తాం. కట్ చేశాను.

తర్వాత వాడి క్లాస్‌మేట్ ఫోన్లో చెప్పాడు. అది మంచు కరిగిన నీరట. బాగా ఈదుకుంటూ లోపలికి వెళ్లాడట. గట్టు మీద వీళ్లు చప్పట్లు కొట్టారట. అంతలో వాడి ఒళ్లు బిగుసుకుపోయింది.

మన సముద్రం అలా ఎప్పుడూ చెయ్యలేదు. వాడికి అల భాష తెలుసు. ఆ నీరు ఏమీ చెప్పలేదు.

ఈ ఉదయం కళింగపట్నం వెళ్లాను. ఒక్క పడవ కూడా వేటకి వెళ్లలేదు. మావ తన పడవకి ఆనుకుని ఇసకలో కూర్చున్నాడు. బాడీ ఎప్పుడొస్తుందని అడగలేదు.

“బాబూ, నువ్వు సదువుకున్నోడివి. నా కొడుక్కి ఈత రాదని ఆళ్లకి ఎవులు సెప్పినారు?”

వెళ్లి మావ పక్కన ఇసకలో కూర్చున్నాను.

“నడక రాకముందే నీట్లో దింపినాను ఆడిని. డాక్టరు అవలేదని రాసుకోమను, పరవాలేదు. ఈత వచ్చని రాయమను. ఆడు ఇంటికొచ్చేలోగా రాయమను.”

“దిగరా” అన్నది నేనేనని మావకి చెప్పలేకపోయాను. ప్రపంచం మీద అరిచే నోరు అక్కడ పెగల్లేదు.

రేపు చెబుతాను. ఇది చదివినవాళ్లు దయచేసి నాకంటే ముందు ఆయనకి చెప్పొద్దు.

రేపు సాయంత్రం నాలుగున్నరకి, కళింగపట్నం ఒడ్డున, ఎర్రయ్య మావ పడవ దగ్గరికి రండి. ఎల్లాజీ ఈత నేర్పిన ప్రతి ఒక్కరూ రండి. కొవ్వొత్తులు వద్దు, ఆ గాలికి నిలవవు. బ్యానర్లు వద్దు. ఒక్కొక్కరే మావ ఎదుట నిలబడి “నాకు నేర్పింది మీవాడే” అని చెప్పండి. చాలు.

పేజీ నడిపే పెద్దమనిషీ, నువ్వూ రా. నిలబడి విను. విని వెళ్లి రాయి.

అందరూ చెప్పాక, చివర్లో నేను చెబుతాను.

ఎల్లాజీ, మావా, చలి లేని చోట హాయిగా పడుకో.

నాలుగున్నరకి అందరం అక్కడుంటాం.