చెప్పింది భరణి, రాసింది రేణు

హోసూరు దగ్గరి అత్తిముగం ఊరి రేణుకి చదువు ఆగిపోవడమే ఒక అర్హత అయింది. వినడానికి విడ్డూరంగా ఉన్నా కాలేజీ నిబంధన అలాగే ఉంది. చూపు లేని విద్యార్థి తరఫున పరీక్ష రాసిపెట్టే మనిషి ఆ విద్యార్థి కంటే ఒక మెట్టు తక్కువే చదివి ఉండాలి. రేణు ప్లస్‌టూ మంచి మార్కులతో పాసయింది. ఆ ఏడాదే ఆమె తండ్రి మునివెంకటప్ప, మేతకు చోటు లేక గొర్రెల మందను అమ్మేసి కూలికి దిగాడు. రేణు పుస్తకాలు అటక మీద పెట్టి బేరిగె దారిలోని రోజా షెడ్డులో చేరింది. తెల్లారకముందే పూలు కోసి, కాడలు సమంగా కత్తిరించి, కట్టలు కట్టి చల్లగదికి పంపే పని.

కొన్నేళ్ళ తర్వాత పక్క వీధి ఆంజినప్ప కూతురు భరణి కృష్ణగిరి కాలేజీలో బీఏ హిస్టరీలో చేరింది. పుట్టుకతోనే చూపు లేని పిల్ల. పరీక్ష రాసిపెట్టే మనిషిని మీరే తెచ్చుకోండి అన్నారు కాలేజీవాళ్ళు. ప్లస్‌టూతో ఆగినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. తమిళం తప్పుల్లేకుండా రాయగలిగి, పరీక్షల రోజుల్లో పని మానుకుని రావడానికి ఒప్పుకున్నది మాత్రం రేణు ఒక్కతే.

"ముల్లు గుచ్చుకోని పని ఒకటి దొరికింది, పోనీ" అంది తల్లి తిమ్మమ్మ.

అలా మొదలై మూడో ఏడు నడుస్తోంది. కాలేజీలో ఇలాంటి పిల్లల కోసం ఒక సహాయ కేంద్రం ఉంది. మెట్లు ఎక్కలేని పిల్లలకు కూడా అదే కేంద్రం, కానీ దాన్ని పెట్టింది మొదటి అంతస్తులో. దాన్ని చూసుకునే శోభన మేడమ్ కిందికి మార్చమని ప్రతి మీటింగులోనూ అడుగుతుంది. ప్రతి మీటింగులోనూ చూద్దాం అంటారు. ఆ కేంద్రంలో చదివి వినిపించే కంప్యూటరు ఒకటుంది. దాని గొంతు ఎంత వేగంగా చదువుతుందంటే భరణి దానికి "సంత మామ" అని పేరు పెట్టింది, వేలంపాట పాడినట్టుందని.

అందుకని అసలు పాఠాలన్నీ రేణు గొంతులోనే నడిచాయి. షెడ్డు నుంచి వచ్చాక సాయంత్రం వాకిట్లో కూర్చుని, పుస్తకంలో ఒక పేరా తమిళంలో చదివి, దాన్నే తెలుగులో విడమర్చి ఫోన్లో రికార్డు చేసి పంపేది. భరణి అది వింటూ పడుకునేది, వింటూ లేచేది. పాఠం తమిళంలోనే వచ్చినా, ఆమె బుర్రలో కూర్చున్నది మాత్రం ఇంటి మాటల్లో. పరీక్ష గదిలో జవాబు కూడా అలాగే బయటికి వచ్చేది. భరణి తెలుగులో చెబుతుంది, రేణు తమిళంలో రాస్తుంది. ఇందులో తప్పేముందని వాళ్ళకు తోచలేదు. ఇన్నాళ్ళూ కాపలా కూర్చున్న లెక్చరర్లకూ తోచలేదు. వాళ్ళూ ఈ పక్కవాళ్ళే. ఒకే వాక్యంలో మూడు భాషలు కలిపి మాట్లాడేవాళ్ళు.

ఆఖరి సెమిస్టరు పరీక్షలకు అనంతకుమార్ అనే కొత్తాయన వచ్చాడు. సేలం అవతల నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. తెలుగు ముక్క తెలియదు. ఇంకో పేపరుతో బీఏ అయిపోతుందనగా, ఆ రోజు ప్రత్యేక గదిలో వీళ్ళిద్దరికీ ఆయనే కాపలా. పాత కాలంలో చెరువుల నిర్వహణ గురించి ప్రశ్న. భరణికి నచ్చిన పాఠం.

"అక్కా, యాడిదాకా వచ్చినాం?"

"కట్ట తెగితే సర్కారు కోసం యారూ కాచుకోలేదన్నావు, ఆడికి."

"ఆ. ఇంటికొక మనిషి పోవాల. పారా, గంప వాళ్ళదే. పోకుంటే ఊరికి తప్పు కట్టాల. మా తాత పోయేది ఎగ్గొట్టి కోడిపుంజును ఇచ్చుకున్న్యాడంట." భరణి కిసుక్కున నవ్వింది. "అది రాయొద్దు."

రేణు కూడా నవ్వింది. అనంతకుమార్ లేచి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"ఏం మాట్లాడుకుంటున్నారు?" అని తమిళంలో అడిగాడు.

"జవాబే సార్" అంది రేణు.

"జవాబు తమిళంలో ఉంది. మీరు మాట్లాడేది తమిళం కాదు."

"తను మా మాటలో చెప్తుంది సార్, నేను తమిళంలో రాస్తాను."

ఆయన కేకలేసే మనిషి కాదు. "ఆ అమ్మాయి ఒక భాషలో చెబితే, నువ్వు ఇంకో భాషలో రాస్తే, ఇది ఎవరి జవాబు?" అని మాత్రం అడిగి, పేపరు తీసుకున్నాడు. ఇంకా ఒక ప్రశ్న మిగిలే ఉంది.

అన్యాయంగా అడిగిన ప్రశ్న అయితే రేణు తిరిగి ఏదో ఒకటి అనేది. అది అన్యాయమైన ప్రశ్న కాదు. ఆమె పెన్నుకు మూత పెట్టింది.

కాపీ కేసు రాశారు. అది నిలబడితే ఆ సెమిస్టరు పేపర్లన్నీ రద్దవుతాయి. ఈ చదువే ఎక్కువని మొదటి నుంచీ సణిగే ఆంజినప్ప, పాసైతే టీచరు ట్రైనింగుకు పంపుతానని, తప్పితే ఇక ఇంట్లోనే ఉండాలని ముందే చెప్పి ఉన్నాడు. విచారణకు రెండు రోజుల గడువిచ్చారు.

ఆ సాయంత్రం ఆంజినప్ప వీళ్ళింటికి వచ్చాడు. రాగి కోతకు మనుషులు కావాలంటే వాకిట్లోనే నిలబడి కేకేసి పోయే మనిషి, ఆ రోజు లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. తిమ్మమ్మ టీ ఇచ్చింది. సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"రేణమ్మా, నువ్వొక మాట చెప్పేస్తే పని అయిపోతుంది. జవాబులు నేనే సొంతంగా రాసేసినాను, పాపకేమీ తెలీదు అని. కండ్లు లేని పిల్ల కదా, దాన్ని వదిలేస్తారు."

"అట్ల చెప్తే దీన్నేం చేస్తారన్నా?" అని అడిగింది తిమ్మమ్మ.

"ఏం చేస్తారు? ఇంకో తడవ రాసేదానికి రానీరు. దీనికేం పోతుందమ్మా? ఇది చదివేది కాదు కదా."

"చదివేది కాకుంటే దొంగ అనిపించుకోవాల్నా?"

ఆంజినప్ప నొచ్చుకున్నాడు. "నేనట్ల అనలేదమ్మా" అని లేచి పోయాడు. ఆయన నిజంగానే అలా అనుకోలేదు. పేదింటి పిల్ల పేరుకు ఖరీదు ఉంటుందన్న ఆలోచన ఆయనకు రాలేదు, అంతే. మన ఊళ్ళలో చాలామంది మంచివాళ్ళకు అది రాదు.

రేణు మాత్రం ఆ మాటను తీసి పారేయలేదు. షెడ్డులో కాడలు కత్తిరిస్తూ అదే ఆలోచించింది. తను ఒప్పుకుంటే భరణి బయటపడుతుంది. భరణి టీచరవుతుంది. తను ఎటూ రోజాలు కోసేదే. విచారణకు పోయే బస్సెక్కేసరికి ఆ మాటే ఖాయం చేసుకుంది. శూలగిరి దాటాక భరణికి చెప్పింది.

భరణి బస్సు కిటికీ కడ్డీని గట్టిగా పట్టుకుంది.

"మా నాయన చెప్పమన్న్యాడా?"

"ఎవురు చెప్తే ఏం? నీ పేపరు మిగుల్తుంది కదా."

"యాడ మిగుల్తుందక్కా? నువ్వట్ల చెప్తే, ఇన్నేండ్లూ నేను చెప్పిందంతా నీదే అయిపోతుంది. నిన్న సంగటి తినేటప్పుడు మా నాయన అడిగినాడు, నిజంగా నువ్వే చెప్తావా పాపా, లేకుంటే ఆ రేణు చూసుకుంటాదా అని. ఇంట్లోనే నమ్మలేదు, తెలుసా? నువ్వు పోయి ఒప్పుకో, పో. నేను మూడేండ్లు బస్సులో ఊరికే గాలికి తిరిగినట్టవుతుంది."

రేణు ఆమె చేతి మీద చెయ్యి వేసింది. భరణి విదిలించుకుంది. కాసేపటికి తనే వెతుక్కుని మళ్ళీ పట్టుకుంది.

ప్రిన్సిపాల్ గదిలో అనంతకుమార్ జవాబు కాగితాలతో కూర్చుని ఉన్నాడు. శోభన మేడమ్ తనతో మంజుశ్రీ అనే వృక్షశాస్త్రం లెక్చరర్ని వెంటబెట్టుకొచ్చింది. హోసూరు పిల్ల, ఇంట్లో తెలుగే.

"వాదించుకోవడం ఎందుకు సార్?" అంది శోభన మేడమ్. "భరణి అవే జవాబులు ఇప్పుడు మళ్ళీ తెలుగులో చెబుతుంది. మంజుశ్రీ తమిళంలో చెబుతుంది. మీరు కాగితం చూసుకోండి. రేణు ఆ మూల కూర్చుంటుంది, నోరెత్తదు."

ప్రిన్సిపాల్ సరే అన్నాడు. భరణి మొదలుపెట్టింది. మొదట తడబడింది. చెరువు దగ్గరికి వచ్చేసరికి కుదురుకుంది. కట్ట, తూము, ఇంటికొక మనిషి, తప్పు కట్టడం, నీళ్ళ వంతులు. మంజుశ్రీ ఒక్కొక్క మాటా తమిళంలోకి తెస్తుంటే అనంతకుమార్ పెన్సిలు కాగితం మీద వరుస వెంట వరుస జరిగింది. ఒక్కోచోట మాటలు వేరుగా ఉన్నా విషయం అదే ఉందని తల ఆడించాడు. ఒకచోట పెన్సిలు ఆగింది.

"ఇక్కడ 'కుడిమరామత్తు' అని ఉంది. ఊరివాళ్ళే చెరువు బాగు చేసుకునే పద్ధతికి పుస్తకంలో ఉండే పేరు. ఈ మాట ఈ అమ్మాయి ఇప్పుడు చెప్పలేదు."

"ఊరోళ్ళ పని అన్నాను సార్" అంది భరణి.

"దానికి పేరేమిటి?"

భరణి తడుముకుంది. పరీక్ష రోజు తను ఆ పేరు చెప్పిందో లేదో ఆమెకు జ్ఞాపకం లేదు. గదిలో అందరూ రేణు వైపు తిరిగారు. ఆమెకు బాగా జ్ఞాపకం ఉంది. భరణి ఊరోళ్ళ పని అనే అంది. ఆ పేరుకే మార్కులుంటాయని తెలిసి చెయ్యి దానంతటదే రాసేసింది. భరణి చెప్పిందని ఒక్క మాట అంటే సరిపోతుంది. అక్కడ ఇంకెవరూ విన్నవాళ్ళు లేరు.

"ఆ ఒక్క మాట నాది సార్" అంది రేణు లేచి నిలబడి. "తను చెప్పలేదు. నేను రాసినాను. మిగిలిందంతా ఈ పాపదే. చెరువు తనది, కట్ట తనది, నీళ్ళ వంతులు తనవి. కొట్టేయాలంటే ఆ ఒక్క మాట కొట్టేయండి."

అనంతకుమార్ పెన్సిలు పక్కన పెట్టాడు. కాగితాన్ని ప్రిన్సిపాల్ వైపు జరిపాడు. "నాకు ఇది చాలు సార్. కాపీ కేసు నేను వెనక్కి తీసుకుంటాను" అన్నాడు.

ఆ మాట మీద రేణు చేతనే గీత కొట్టించారు. పేపరు దిద్దడానికి పంపుతామన్నారు. రాయకుండా మిగిలిన ప్రశ్నకు మళ్ళీ సమయం ఇవ్వడం కుదరదన్నారు. మిగిలిన పేపరుకు మాత్రం భరణి తమిళంలోనే చెప్పాలన్నారు. తెలుగు తెలిసిన మనిషిని కాపలా పెడితే పోతుంది కదా అని శోభన మేడమ్ పట్టుబట్టింది. యూనివర్సిటీకి రాస్తాం అన్నాడు ప్రిన్సిపాల్. హోసూరు తాలూకాలో ఇంట్లో తెలుగో కన్నడమో మాట్లాడుతూ తమిళంలో పరీక్ష రాసే పిల్లలు నిన్నా మొన్నా పుట్టినవాళ్ళు కారు. ఇన్నేళ్ళలో ఒక్క ఉత్తరం రాయడానికి తీరిక దొరకలేదంటే, ఆ సహాయ కేంద్రం ఎవరికి సహాయం చేస్తున్నట్టు? మేడమ్ అదే అడిగింది. 

ఆఖరి పేపరు రోజు కూడా అనంతకుమారే వచ్చాడు. భరణికి తమిళం రాదని కాదు. సంతలో, బస్సులో గలగలా మాట్లాడేదే. కానీ పాఠాన్ని తమిళంలో చెప్పాలంటే రాళ్ళ మీద కాలు వెతుక్కుంటూ వాగు దాటినట్టు నడిచింది. గ్రామ పంచాయతీల ప్రశ్న వచ్చింది. అధికారాన్ని కిందివాళ్ళకు పంచడానికి పుస్తకంలో ఒక పెద్ద మాట ఉంది. రేణు దాన్ని ఫోన్లో ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. భరణి దాని కోసం వెతుకుతోంది. పెదవులు కదుపుతోంది, రావడం లేదు. రేణు పెన్ను పట్టుకుని తల వంచుకుని కూర్చుంది. గొంతులోకి వచ్చిన మాటను మింగింది.

చివరికి భరణి బస్సులో మాట్లాడే తమిళంలోనే చెప్పింది. ఒక చేతిలో ఉన్నదాన్ని చాలా చేతులకు పంచి పెట్టడం అని. రేణు అదే రాసింది, ఒక్క అక్షరం దిద్దకుండా. అటు వచ్చిన అనంతకుమార్ ఆ వాక్యం చదివి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

బయటికి వచ్చాక భరణి, "ఆ మాట నీకు తెలుసు కదక్కా?" అంది.

"తెలుసు."

"గమ్మున కూర్చున్న్యావే, రాయి మాదిరి! లోపల ఎంత తిట్టుకున్న్యానో నిన్ను."

"తిట్టుకో. యారు వద్దన్న్యారు?"

గేటు దగ్గర ఆంజినప్ప మోటారు సైకిలు పక్కన నిలబడి ఉన్నాడు. కూతురి వైపు చూసి, అలవాటు కొద్దీ రేణునే అడిగాడు.

"ఏమ్మా, ఎట్ల రాసినావు?"

"నన్నెందుకు అడుగుతావు మామా? చెప్పింది ఆ పిల్ల. దాన్నే అడుగు."

ఆయనకు ఏం అడగాలో తెలియలేదు. పాప వైపు తిరిగి, "ఏం వచ్చింది పాపా ఈ పొద్దు?" అన్నాడు.

"పంచాయతీలు వచ్చినాయి నాయనా. ముందు ఊర్లను యారు చూసుకుంటా ఉండ్రి, తెలుసునా నీకు?"

"తెలీదు, చెప్పు" అన్నాడు ఆంజినప్ప.

భరణి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన తాళంచెవి జేబులో వేసుకుని బండికి ఆనుకున్నాడు.