బొట్టు పెట్టి ఇచ్చిన చీరలు

నేను బడికి పోయింది తక్కువ. మగ్గం పక్కన పడి ఉన్న పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందుకే ఎవరైనా కాగితంలో ఉందని అంటే, ముందు ఆ కాగితం చూపించమంటాను.

తెలంగాణ వచ్చాక, ఒక శ్రావణ మాసంలో నల్లగొండ పక్కన మా ఊరి వాగు ఇళ్లలోకి వచ్చింది. పొద్దున గంటసేపట్లో ముంచింది, మధ్యాహ్నానికి తీసింది. గోడలు నిలిచాయి కాబట్టి చూసేవాళ్లకు పెద్ద నష్టం కనబడలేదు. కానీ మాది గుంత మగ్గాల వాడ. నేలమీద కూర్చుని, కాళ్లు గుంతలో పెట్టి తొక్కుతూ నేస్తాం. వాగు పోయినా గుంతలో నీళ్లు పోలేదు. బకెట్లతో తోడితే తెల్లారేసరికి మళ్లీ ఊరేవి.

మా వదిన మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. పడుగంతా బురదలో నాని, గంజి పోయి, పోగులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. అన్న పోయాక వదినకూ ఆమె కొడుక్కూ ఆ మగ్గమే ఆధారం.

"చిన్నాయినా, దసరా దాకా సూస్త. అప్పటికి నడవకుంటే గీ మగ్గాన్ని పొయ్యిల పెట్టి, పట్నంల వాచ్‌మన్ పనికి పోత" అన్నాడు వాడు.

నాలుగో రోజు పట్నం నుంచి సాయం చేసేవాళ్లు వచ్చారు. ఆడవాళ్లను వరుసగా నిలబెట్టి, బొట్టు పెట్టి, తలా ఒక చీర ఇచ్చారు. అవి మిల్లు చీరలు. నాకు ఒళ్లు మండింది.

"నేసేటోళ్లకే చీరలు తెచ్చిండ్రా? రేపు చేపలు పట్టేటోళ్లకు చేపలు పంచుతరా?"

"ఊకో మరిదీ! బొట్టు పెట్టి ఇచ్చిన బట్టను కాదంటరా ఎవరన్న?" అని వదిన నా నోరు మూయించింది.

మా దగ్గర అనరు, నిజమే. అందరూ తీసుకున్నారు, ఫోటోకు నవ్వారు. ఇంకేమైనా కావాలా అంటే "మీ దయ సారూ, అంతా మంచిదే" అన్నారు. ఆ తప్పు మాది. అడిగీ అడగనట్టు అడిగి జీపెక్కడం వాళ్ల తప్పు.

నెల తర్వాత వాళ్ల మనిషే, ఒక ఆడపిల్ల, చూసిపోదామని వచ్చింది. చేతిలో కాగితం ఉంటే అడిగి తీసుకుని చదివాను. మా వాడ అవసరాలు తీరాయని రాసి ఉంది. ఆ పిల్లను నేరుగా వదిన ఇంటికి తీసుకుపోయాను.

"దిగు బిడ్డా గుంతలకు."

చెప్పులు విప్పి దిగింది. పిక్కల దాకా బురద.

"నెలైంది కదా తాతా, ఇంకా ఎండలేదా?"

"నీ కాగితంల ఎండింది. ఈడ ఎండలే."

కాళ్లు బురదలో ఉండగానే గుంత అంచున కూర్చుని, వదిన చెప్పేది రాసుకుంది. గుంతను రాతితో కట్టి గచ్చు చేయాలి. నేల ఎత్తు పెంచాలి. కొత్త పడుగు కావాలి. "అన్నిటికన్న ముందు, మగ్గం నడిచేదాక మా పొయ్యి ఎట్ల మండాలె, గది రాయి బిడ్డా" అంది వదిన. ఆ పిల్ల ప్రతి ఇంట్లోనూ అట్లాగే గుంతలోకి దిగి అడిగింది. ఆమె రాసుకుపోయింది చూసి వాళ్లు సాయం పంపి, పని మా వాడవాళ్లకే అప్పగించారు. పని సాగినన్నాళ్లు బియ్యం, పప్పు ఇళ్లకు అందాయి. పట్నం పోతానన్నవాడే రాళ్లు మోశాడు.

దసరాకు వారం ముందు మగ్గం ఆడింది. పని చూడడానికి వచ్చిన ఆ పిల్లకు వదిన బొట్టు పెట్టి, తొలిగా నేసిన తువ్వాల చేతిలో పెట్టింది.

"వద్దవ్వా, మేం ఏమీ తీసుకోకూడదు. మాకు రూలుంది."

"మాకు లేదా రూలు? గా దినం మేం తీసుకోలేదా?"

ఆ పిల్ల రెండు చేతులా తీసుకుంది.

"జర నవ్వు బిడ్డా, ఫోటో దిగాలె గద" అన్నాను నేను.