పథ్యానికి విడుపు

మా బాపు తిండిపోతు. చనిపోయిన మనిషిని ఇలా అనకూడదంటారు కానీ, ఆయనకే ఆ మాట ఇష్టం. పెళ్ళిళ్ళలో తాను కూర్చున్న వరుసకు కూర బకెట్ రెండోసారి రాకపోతే లేచి వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళేవాడు. "ఏం బావా, మమ్ములను మర్చిపోయిన్రా?" అని అడిగి మరీ పెట్టించుకునేవాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు ఏ పెళ్ళికి వెళ్ళినా ఆ గొంతు కోసం చెవులు వెతుక్కుంటాయి.

ఎనుమాముల మార్కెట్‌లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేసేవాడు. రైతు మిర్చి బస్తా మూతి విప్పగానే ఒక కాయ తీసి, తుంచి, వాసన చూసి, నాలుక చివర అద్దుకుని, అదేం రకమో ఎంత కారమో చెప్పడం ఆయన పని. సాయంత్రం ఇంటికి వచ్చి చొక్కా విప్పి దులిపితే నేనూ అమ్మా తుమ్ములతో వాకిట్లోకి పరుగెత్తేవాళ్ళం. మేమలా పరుగెత్తుతుంటే చూసి నవ్వడం ఆయనకు సరదా.

ఎనభైల మొదట్లో, నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, మార్కెట్ యార్డులోనే ఛాతీ పట్టుకుని బస్తాల మీద కూలబడ్డాడు. దవాఖానలో పడుకోబెట్టారు. ఆ గండం గడిచింది. హన్మకొండలో ఒక గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన బాపు బరువు తూచి, తల అడ్డంగా ఊపి, టైపు చేసిన కాగితం చేతిలో పెట్టాడు. ఉప్పు బంద్, నూనె బంద్, కారం బంద్, మాంసం పేరెత్తొద్దు. అన్నం కప్పుతో కొలిచి పెట్టాలి. దేనిలో ఎన్ని కేలరీలుంటాయో పక్కనే రాసి ఉంది.

కేలరీ అంటే ఏమిటని అమ్మ నన్నడిగింది. నాకు ఫిజిక్స్‌లో చెప్పిందే తెలుసు, అదే చెప్పాను. అమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. "నాకు గవన్ని తెల్వది. ఏది పెట్టాలె, ఎంత పెట్టాలె, అది సదువు" అంది. చదివాను. మా అమ్మ బడికి వెళ్ళింది తక్కువే కానీ, ఒకసారి విన్నది మరిచిపోయే మనిషి కాదు. ఆ రోజునుంచి ఇంట్లో ఉప్పు డబ్బా అటకెక్కింది. ఒక స్టీలు కప్పు పొయ్యి పక్కన చేరింది. బాపు తినే చప్పిడి కూడే తానూ తినేది. నాకు మాత్రం వంటింటి తలుపు చాటున మామిడికాయ తొక్కు వేసి పెట్టేది. ఎదిగే పిల్లవంటూ వేసేది కానీ, నేను తినేంతసేపూ గుమ్మంలో కాపలా నిలబడేది.

బాపు మాట విన్నాడు. అదే మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. చావు ముఖం చూసి వచ్చిన మనిషి కదా, కప్పెడన్నం పెడితే కప్పెడే తిన్నాడు. మొదట్లో "ఇయ్యాల ఎన్ని కేలరీలు పెట్టినవే?" అని అమ్మను ఆటపట్టించేవాడు. తర్వాత ఆ మాట కూడా మానేశాడు. చొక్కాలు వదులయ్యాయి, మెడ దగ్గర చర్మం జారింది. యార్డులో వాళ్ళు సగమయ్యావని మెచ్చుకున్నారు. కానీ ఆయన పని మారలేదు. పొద్దంతా మిర్చి నాలుకకు అద్దుకోవడం, ఉమ్మేయడం. సాయంత్రం ఇంటికొచ్చి ఉడకబెట్టిన సొరకాయ తినడం. చొక్కా మాత్రం వాకిట్లోనే దులిపి లోపలికి వచ్చేవాడు. మేము తుమ్మడం లేదు, ఆయన నవ్వడం లేదు.

చలికాలం పోయాక మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. బరువు చూసి డాక్టర్ సంతోషించాడు. బాపు ముఖం చూసి మాత్రం సంతోషించినట్టు లేదు. కాసేపు ఏవేవో అడిగి, అమ్మ వైపు తిరిగి, "పథ్యానికి పది రోజులు విడుపు ఇద్దామమ్మా" అన్నాడు. మనిషిని ఎప్పుడూ బిగించి ఉంచితే ఒంటికీ మంచిది కాదు, మనసుకీ మంచిది కాదన్నాడు. ఈ పది రోజులు కొలతలొద్దు, అతి చేయకుండా ఇష్టమైనవి వండి పెట్టమన్నాడు. ఆ తర్వాత వస్తే కొత్త పథ్యం రాసిస్తాననీ, అది ఇంతకంటే గట్టిగా ఉంటుందనీ, చాలాకాలం నడుస్తుందనీ చెప్పాడు. అంటే బాపుకు దొరికినవి ఆ పది రోజులే. ఆ సంగతి ముగ్గురికీ అర్థమైంది.

రిక్షాలో వస్తూ బాపు చిన్నపిల్లాడైపోయాడు. తలకాయకూర ఎప్పుడు, చింతచిగురు మాంసం ఎప్పుడు, సర్వపిండి ఏ పూట అని వేళ్ళు మడుస్తూ కూర్చున్నాడు. "పచ్చిపులుసు రోజూ ఉండాలె" అన్నాడు. రిక్షా తొక్కేటాయన కూడా నవ్వాడు. ఎన్నో నెలల తర్వాత బాపు నవ్వు విన్నాను.

ఇంటికి వచ్చాక వంటింట్లో అమ్మ నాతో అంది: "ఆ డాక్టర్‌కేం ఎరుక? మా నాయిన ఎట్ల సచ్చిపోయిండో ఆయన చూసిండా?" మా తాతయ్య ఒక పెళ్ళిలో తృప్తిగా తిని, ఇంటికి నడిచి వచ్చి, అరుగుమీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. అమ్మకప్పుడు నా వయసే. శవానికి స్నానం చేయిస్తుంటే కూడా చేతికి కూర వాసన పోలేదని చెప్పేది. ఆ మాట ఎన్నోసార్లు విన్నాను. ఆరోజు మాత్రం వింటుంటే నాకు భయం వేసింది, ఎందుకంటే అమ్మ చేతిలో ఉన్నది కారం లేని మిర్చి.

మా దిక్కు చపాటా అని ఒక మిర్చి పండుతుంది. పొట్టిగా, లావుగా, టమాటాలాగా ఉంటుంది. రంగు చూస్తే కళ్ళు చెదురుతాయి, నోట్లో వేసుకుంటే కారం పెద్దగా ఉండదు. అమ్మ వాటిని నానబెట్టి మెత్తగా నూరి, ఉప్పు లేకుండా ఉడికించిన సొరకాయలో కలిపింది. కొంచెం చింతపండు పిసికింది. దించాక పైన నాలుగు చుక్కల నూనె వేసి గిన్నెను అటూ ఇటూ వంచింది. ఆ చుక్కలు తేలి, కూర ఎర్రగా మెరిసింది. విందుకూర కాదని చూసినవాళ్ళెవరూ అనలేరు.

"ఇది మోసం అమ్మా" అన్నాను.

"మోసమే. మనిషి ఉంటే సాలు."

"ఆ పది రోజులు కూడా గుంజుకుంటానవా?"

"నోరు మూసుకొని ప్లేట్లు పెట్టు."

బాపు చేతులు రుద్దుకుంటూ వచ్చి కూర్చున్నాడు. కూర చూసి, "అబ్బో!" అన్నాడు. పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆగింది. అమ్మ గంటె పట్టుకుని పక్కనే నిలబడి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. ఎంత ధైర్యమో మా అమ్మకు!

"నాలుకకు తెలుస్తలేదే" అన్నాడు బాపు.

"ఇన్ని నెల్లు చప్పిడి తిన్న నాలుకాయె. రుచి తెల్వాలంటే నాల్గు దినాలు పడ్తది."

బాపు ఆమె ముఖంలోకి చూశాడు. "గంతే గావచ్చు" అని రెండో ముద్ద కలుపుకున్నాడు. ఆ తర్వాత ప్రతిపూటా అమ్మ అదే అడిగేది. ఆయన సరిపోయిందనేవాడు. పథ్యం నడిచిన కాలంలో అడగాల్సిన అవసరమే లేని ప్రశ్న అది. ఇప్పుడు అడగకపోతే అనుమానం వస్తుందని అడిగేది. ఆ ప్రశ్న వినలేక నేను నీళ్ళకని లేచి వెళ్ళేదాన్ని.

మాంసం సంగతి ఎత్తితే అమ్మ దగ్గర ఒక్కోరోజుకు ఒక్కో జవాబుండేది. ఇయ్యాల శనివారం. ఇయ్యాల సోమవారం. ఇయ్యాల మొక్కుంది. బాపు ఒక్కసారీ వాదించలేదు. మిర్చి రకాన్ని తుంచి వాసనతో పట్టేసే మనిషి, తన కంచంలో చపాటాను గుర్తుపట్టలేదంటే నేనెలా నమ్ముతాను? నమ్మలేదు కానీ, నిజంగానే నాలుక చచ్చిందేమోనని ఒక మూల దిగులుగా ఉండేది.

విడుపు సగం గడిచాక మా మేనత్త, బాపు కంటే పెద్దది, ఊరినుంచి వచ్చింది. తమ్ముడికి పథ్యం తప్పిందని విని సంతోషంగా పక్కనే కూర్చుని ఒక ముద్ద తిన్నది. కళ్ళెత్తింది. "ఏందే పిల్లా, గీ కూరల..." అని ఇంకా అననేలేదు, బాపు అందుకున్నాడు. "కారమైందా అక్కా? నువ్వు ముసల్దానివైనవు గాని, కూర మంచిగున్నది. తిను." అని తన కంచంలోది గబగబా కలిపి తిన్నాడు. అమ్మ గంటె గిన్నెలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళేసరికి బాపు, అత్త వాకిట్లో చేతులు కడుక్కోవడానికి నిలబడి ఉన్నారు.

"దానితోని అనకు అక్కా. అది భయపడ్తాంది" అంటున్నాడు.

"భయమైతే? ఈ పది దినాలు నీయి గదరా!"

"నాకు ఎన్ని దినాలున్నా దాని చేతి కూడే గదా."

నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేశారు. బాపు చేతులు చాచాడు, నీళ్ళు పోశాను. అమ్మమీద నాకున్న కోపం ఆ క్షణంలో ఆయనమీదికి కూడా పోయింది. అడిగితే ఏం పోయింది? కంచం తోసేస్తే ఏం పోయింది? అరిచి గోలచేసి కడుపునిండా తినొచ్చు కదా!

ఒక్కసారి అడిగాడు, ఆయన పద్ధతిలో. విడుపు చివరిరోజు యార్డునుంచి వస్తూ ఒక చేతిలో మేక తలకాయ ఉన్న సంచి, ఇంకో చేతిలో రుమాలు మూట తెచ్చాడు. మూట విప్పి వంటింటి గట్టుమీద పెట్టాడు. సన్నటి, ముదురు ఎరుపు మిర్చి. దగ్గరికి వెళ్తేనే ముక్కు మండింది.

"రేపటిసంది మళ్ళ పథ్యమే గదా. ఇయ్యాల తలకాయకూర చెయ్యి" అన్నాడు. కొంచెం ఆగి, "గీ మిర్చి ఎయ్యే" అన్నాడు.

ఇంతకంటే విడమర్చి ఎవరు చెప్పగలరు? అమ్మ సరేనని తల ఊపింది. ఆయన బయటికి వెళ్ళి మంచంమీద కూర్చున్నాడు. అమ్మ ఆ మిర్చి పట్టుకుని పొయ్యి ముందు చాలాసేపు నిలబడింది. వేస్తుందనే అనుకున్నాను. తర్వాత వాటిని ఒక ఖాళీ డబ్బాలో పోసి మూత పెట్టింది. మాంసాన్ని రెండుసార్లు ఉడికించి, పైకి తేలిన కొవ్వంతా పారబోసి, చపాటా నూరింది.

బాపు తిన్నాడు. "ఉప్పు సరిపోయిందా?" అని అమ్మ అడిగింది. "సరిపోయింది" అన్నాడు. కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కోకుండా అట్లాగే కూర్చుండిపోయాడు.

మర్నాడు డాక్టర్ తూచి చూస్తే బరువు పెరగలేదు సరికదా, ఇంకొంచెం తగ్గింది. నిజంగా విడుపు తీసుకున్నారా అని అడిగాడు. "కడుపునిండ తిన్న సార్" అన్నాడు బాపు. "చూశారా అమ్మా, ఏమీ కాలేదు. ఊరికే భయపడ్డారు" అని డాక్టర్ అమ్మకు ధైర్యం చెప్పి కొత్త కాగితం రాసిచ్చాడు. అమ్మ తలెత్తలేదు.

ఆ కాగితం పాతబడక ముందే, మిర్చి సీజన్ జోరుగా ఉన్నప్పుడు, బాపు యార్డులో మళ్ళీ కూలబడ్డాడు. ఈసారి లేవలేదు. ఇంటికి తెచ్చినప్పుడు చొక్కా నిండా ఘాటు. శవం చుట్టూ కూర్చున్నవాళ్ళందరూ తుమ్మారు. అమ్మ ఆయన కుడిచెయ్యి ఎత్తి వాసన చూసింది. ఎందుకు చూసిందో నాకొక్కదానికే తెలుసు.

డాక్టర్‌ను కలిసినప్పుడు ఆయన ఓదార్పుగానే చెప్పాడు. గుండె ముందే పూర్తిగా దెబ్బతిందట. తిన్నా తినకపోయినా పెద్ద తేడా ఉండేది కాదట. "మీరు చేయగలిగిందంతా చేశారమ్మా. ఆ పది రోజులైనా తృప్తిగా తిన్నారు, అది చాలు" అన్నాడు. అమ్మ లేచి ఆ గదిలోంచి బయటికి వచ్చింది.

కర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళేముందు మా అత్త ఉండబట్టలేక అనేసింది. "నా తమ్మునికి తెల్సు మరదలా. మొదటి దినం నుంచే తెల్సు." కోపంతో అనలేదు, ఏడుస్తూ అంది. అమ్మ "తెల్సు వదినె" అంది. ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. చివరి రోజు మిర్చి గట్టుమీద పెట్టినప్పుడే తెలుసు. అయినా వండింది, అయినా అడిగింది. మా అమ్మను నేను క్షమించానా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ మాట మార్చేస్తాను.

అందరూ వెళ్ళిపోయాక అమ్మ నన్ను పంపి తలకాయ మాంసం తెప్పించింది. డబ్బా మూత తీసింది. బాపు తెచ్చిన మిర్చి మొత్తం నూరింది. ఇల్లంతా ఘాటు నిండి ఇద్దరం దగ్గాం, తుమ్మాం, కళ్ళనీళ్ళు కారాయి. అవి ఎందుకు కారుతున్నాయో వేరుచేసి చెప్పలేను. నూనె గిన్నెనిండా పోసింది. మసాలా వేసింది. కొవ్వు ఒక్క చుక్క కూడా పారబోయలేదు. బాపు కంచంలో అన్నం పెట్టి, కూర వడ్డించి, నన్ను ఆయన కూర్చునే చోట కూర్చోబెట్టింది.

ముద్ద నోట్లో పెట్టుకోగానే నాలుక భగ్గుమంది. చెవులు వేడెక్కాయి. ఇది ఆయన అడిగిన కూర. నమిలాను, ఆగాను. అన్నీ వేసింది. ఇన్ని నెలల అలవాటులో ఉన్న చెయ్యి ఉప్పు వేయడం మరిచిపోయింది. ఉప్పు డబ్బా ఇంకా అటకమీదే ఉంది.

అమ్మ గంటె పట్టుకుని నా పక్కన నిలబడింది.

"ఉప్పు సరిపోయిందా బిడ్డా?"

"సరిపోయింది" అన్నాను.