మూడు పనిరోజులు

మంగళవారం పొద్దున తొమ్మిదీ నలభైకి టికెట్టమ్మకి ఒక మెయిలు వచ్చింది. "మీ రిక్వెస్టు పరిష్కారమైనది. మీ సహనానికి ధన్యవాదాలు." ఆ రెండు వాక్యాలూ రాసింది ఆమే. పోయిన ఏడాది ఒక భోజనాల వేళ, ఒక చేత్తో డబ్బా మూత తీస్తూ రెండో చేత్తో టైపు చేసింది. తను 'ఓపికకు' అని రాస్తే మేనేజరు 'సహనానికి' అని దిద్దించాడు. అదైతే మర్యాదగా ఉంటుందట.

పరిష్కారమైన ఆ రిక్వెస్టు, తన ఉద్యోగాన్ని పర్మనెంటు చెయ్యమని ఆమె పెట్టుకున్నది. ఎవరూ చెయ్యలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు.

పన్నెండు గోదాములున్న ఆ సరుకు రవాణా కంపెనీలో ఆమె పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద ఉంది. ప్రింటరు మొరాయించినా, పాస్‌వర్డు మర్చిపోయినా, తూకం మిషను కంప్యూటరుకి అంకె పంపడం మానేసినా అందరూ ఆమెకే చెప్పుకుంటారు. మొదట్లో ఒక ఫోనూ, ఒక పొడుగాటి పుస్తకమూ ఉండేవి. గొంతు వింటే చాలు, ఏ గోదామో, ఏ మిషనో, నిజంగా కొంప మునిగిందో, ఆ మనిషికి విసుగెత్తి ఫోను చేశాడో చెప్పేసేది. తర్వాత పుస్తకం పోయి సాఫ్ట్‌వేరు వచ్చింది. ఫిర్యాదు పేరు టికెట్టయింది, ఆమె పేరు టికెట్టమ్మ అయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు.

సాఫ్ట్‌వేరుతోపాటు వర్క్‌ఫ్లోలు కూడా వచ్చాయి. టికెట్టు పడగానే ఎవరి దగ్గరికి పోవాలి, వాళ్లు ఎంతసేపట్లో చూడాలి, చూడకపోతే ఎవరికి చెప్పాలి అనే దారి అన్నమాట. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు, దానంతటదే నడుస్తుంది. చిక్కేమిటంటే ఆ దారులు ఎవరో ఎక్కడో కూర్చుని, ఇంకేదో కంపెనీని మనసులో పెట్టుకుని వేసినవి. తూకం మిషను పాడైందంటే టికెట్టు టెలిఫోను వాళ్లకి వెళ్లేది. టెలిఫోను పాడైతే ఎక్కడికీ వెళ్లేది కాదు. నేర్పడానికి వచ్చిన కుర్ర నిపుణులు రెండ్రోజులు తెర మీద బొమ్మలు చూపించి, మూడోరోజు కనపడలేదు.

మిగిలినదంతా ఆమె సొంతంగా నేర్చుకుంది. ఆమె భర్త ఇంటి ముందుగదిలో బట్టలు కుడతాడు. కొత్తవి కుట్టించుకునేవాళ్లు తగ్గాక ఆల్టరేషన్లే బతుకైంది. ఆమె బాధ విని, కటింగు బల్ల మీద గోధుమరంగు కాగితం పరిచి, సుద్దముక్క చేతికిచ్చాడు.

"రెడీమేడు చొక్కా ఎవడికీ సరిగ్గా పట్టదు. అందుకే మనం ఇంత అన్నం తింటున్నాం. ముందు ఒంటి కొలతలు రాసుకో, తర్వాత కత్తెర పట్టు."

ఆ కాగితం మీద పెట్టెలు గీసి, బాణాలు వేసి, ఒక్కో గోదాము కొలతా రాసుకుని మొదటి వర్క్‌ఫ్లో దిద్దింది. అప్పట్నుంచి తూకం మిషను టికెట్టు నేరుగా మెకానిక్కి వెళ్లింది. అతను గంటలో కదలకపోతే అతని పైవాడి ఫోను మోగింది. ఏడాదిన్నరలో అలాంటివి డెబ్బైకి పైగా దిద్దింది. ఆఫీసు గోడ మీది పెద్ద తెరలో పెండింగు టికెట్ల అంకె ఆరువందల నలభై నుంచి నూటనలభైకి దిగింది.

ఆ అంకె మీదే ఆమె బతుకు వేలాడుతోంది. "అది వందలోపు తెండి మేడమ్, మీ పర్మనెంటు ఫైలు నేనే స్వయంగా పైకి తీసుకెళ్తా," అన్నాడు మేనేజరు. ఆమె కంటే తొమ్మిదేళ్లు చిన్న, ఎప్పుడూ గొంతు పెంచడు. కంపెనీ నిబంధన ప్రకారం నలభై ఐదు నిండేలోపు పర్మనెంటు కావాలి. నిండాయంటే ఇక జన్మకి కాంట్రాక్టే.

అంకె నూటనలభై దగ్గర మొండికేసింది. తీరా చూస్తే, మిగిలినవి చాలావరకు మేనేజరు ఒప్పుకోలు కోసం ఎదురుచూస్తున్నవే. కొత్త కుర్చీ, కొత్త కేబులు, కొత్త స్కానరు, కొత్తది ఏది కావాలన్నా ఆయన ఔననాలి. ఔనంటే ఖర్చు, కాదంటే విరోధం. అందుకని ఆయన ఏమీ అనేవాడు కాదు.

"రిక్వెస్టు పెట్టినవాళ్లు మూడు పనిరోజులు పలక్కపోతే క్లోజయ్యే రూలుంది కదా. అదే దీనికీ పెట్టండి మేడమ్," అన్నాడు ఒకరోజు.

"అది వాళ్లు పలక్కపోతే సార్. ఇక్కడ పలకాల్సింది మీరు."

"మూడ్రోజులు కదలిక లేదంటే అంత అవసరం లేనట్టేగా?"

"ఒప్పుకోవాల్సినవాళ్లు పలక్కపోతే టికెట్టు వాళ్ల పైవాళ్లకి పోవాలి సార్. ఎక్కడైనా అంతే."

మేనేజరు నవ్వాడు. "నన్ను పైవాళ్ల ముందు నిలబెట్టేసి, మీ ఫైలు ఏ మొహంతో తీసుకెళ్లమంటారు చెప్పండి?"

ఆమె తన సీటుకి వెళ్లి ఆ రూలు పెట్టింది. నాలుగు నొక్కులు. తప్పని తెలిసీ చేసింది. వారం తిరిగేసరికి తెర మీద ముప్ఫై ఏడు. మేనేజరు అందరికీ టీ పోయించాడు.

ఆ టీ తాగనివాడు ఒక్కడే, నాలుగో గోదాము స్టోరు పెద్దాయన. అట్టపెట్టెల మీది గీతల్ని చదివే చేతి స్కానరు మీట విరిగితే రబ్బరుబ్యాండు చుట్టి వాడుతున్నాడు. రబ్బరుబ్యాండుకీ లొంగనప్పుడు పెట్టె పెట్టెకీ పదమూడంకెలు కళ్లు చిట్లించుకుని చేత్తో కొట్టాలి. ఒకరోజు కాగితాల కట్ట పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"ఏడుసార్లు పరిష్కారమైందమ్మా టికెట్టమ్మా, నా సమస్య. ఇదిగో రుజువులు. ఇంకోసారి పరిష్కారమైతే నాకు కళ్లు పోతాయి."

"మళ్లీ పెట్టండి బాబాయ్," అంది తలెత్తకుండా.

"పెడతాలే తల్లీ. మా అల్లుడి కంటే నీ మిషనే నయం. మూడ్రోజులకైనా ఉత్తరం ముక్క రాస్తుంది."

మూణ్ణెల్ల రిపోర్టు పైకి వెళ్లేదాకా ఆగమన్నాడు మేనేజరు. ఆగింది. రిపోర్టు వెళ్లి, ఆయనకి మెచ్చుకోలు వచ్చి, ఆమె తన రిక్వెస్టు పెట్టేనాటికి నలభై ఐదు నిండటానికి సరిగ్గా పద్నాలుగు రోజులుంది. గురువారం, అందరిలాగే ఆ సాఫ్ట్‌వేరులోనే టికెట్టుగా పెట్టింది. మంగళవారం ఆ మెయిలు వచ్చింది.

"అయ్యో, చూడనేలేదు మేడమ్, రిపోర్టు హడావిడిలో పడి. మళ్లీ పెట్టండి," అన్నాడు మేనేజరు.

మళ్లీ పెట్టండి. ఆ మాట తన నోటి నుంచి ఎంతమంది విన్నారో ఆమెకి లెక్క లేదు. మళ్లీ పెట్టింది. శుక్రవారం పొద్దున రెండోసారి పరిష్కారమైంది. ఆయన మీటింగులో ఉన్నాడు. మూడోసారి పెట్టి ఇంటికి వెళ్లింది.

భర్త ఎవరిదో ప్యాంటు నడుము విప్పుతున్నాడు. పళ్ల మధ్య గుండుసూది ఉంది. జరిగిందంతా విని సూది తీసి దిండుకి గుచ్చాడు.

"ఆ రూలు రాసిందెవరు?"

"నేనే."

"తీసేయగలిగిందెవరు?"

"నేనే. తీస్తే నా పేరుతో సహా రికార్డులో పడుతుంది. ఆయనకి కోపమొస్తే ఉన్నదీ పోతుంది."

"ఇప్పుడేదో ఆయన నీమీద ప్రేమ ఒలకబోస్తున్నట్టు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావే నువ్వు."

"మీకేం తెలుసు? మీ కొట్టుకి మీరే మేనేజరు."

"అందుకే ఇక్కడ ఎవడికీ పర్మనెంటు లేదు," అని మళ్లీ ప్యాంటు మీదికి వంగాడు.

ఆమె నవ్వలేదు. సంతకం పెట్టాల్సిన మనిషిని నొప్పించకూడదని ఆమె నమ్మకం. పదకొండేళ్లు ఆ నమ్మకం మీదే నెట్టుకొచ్చింది.

బుధవారం పొద్దున మూడో మెయిలు వచ్చాక, ఎన్నడూ చెయ్యని పని చేసింది. టికెట్టుని ఎవరెవరు ఎప్పుడు తెరిచారో సాఫ్ట్‌వేరు రాసి పెట్టుకుంటుంది. తన మూడు రిక్వెస్టుల్నీ విప్పి ఆ చిట్టా చూసింది. మేనేజరు మొదటిదాన్ని రెండుసార్లు తెరిచాడు. రెండోదాన్ని ఒకసారి. మూడోదాన్ని మంగళవారం సాయంత్రం తెరిచి, పదకొండు నిమిషాలు అలాగే ఉంచి, మూసేశాడు.

ఆ చిట్టా ప్రింటు తీసుకుని ఆయన గదిలోకి వెళ్లింది. ఆయన కాగితం కేసి చూశాడు గానీ అందుకోలేదు.

"నేను కాదనలేదు కదా మేడమ్."

"ఔనని కూడా అనలేదు సార్."

"కూర్చోండి. పర్మనెంటు చేశామనుకోండి, మొదటి రెండేళ్లు వేరే బ్రాంచికి బదిలీ చెయ్యాలి, అది కంపెనీ రూలు. మరి ఈ వర్క్‌ఫ్లోలు ఎవరు చూస్తారు? డెబ్బై చిల్లర దిద్దారు మీరు. ఇంకొకళ్లకి తల తోక తెలీదు. మీరు పని ఇంత బాగా చెయ్యకపోయుంటే నాకీ ఇబ్బంది ఉండేది కాదు."

నిజమే చెబుతున్నాడని ఆమెకి అర్థమైంది. అబద్ధమైతే తిట్టుకునే వీలైనా ఉండేది.

గురువారం ఆమెకి నలభై ఐదు నిండాయి. ఆఫీసు సాఫ్ట్‌వేరు శుభాకాంక్షలు పంపింది. ఆ వర్క్‌ఫ్లో ఆమె ముట్టుకోనిది, రెడీమేడుది. పేరులో ఒక అక్షరం తప్పు పడింది.

శుక్రవారం తొమ్మిదింటికి సీట్లో కూర్చుని, పోగొట్టుకోవడానికి ఇంకేం ఉందో ఒకసారి చూసుకుంది. తర్వాత ఆ రూలు తెరిచింది. ఒప్పుకోవాల్సినవాళ్లు మూడు పనిరోజుల్లో పలక్కపోతే క్లోజ్ అనే చోట, పై అధికారికి పంపు అని మార్చింది. మూణ్ణెల్లలో అలా మూతపడ్డ టికెట్లన్నిటినీ తిరిగి తెరవమని ఇంకో గీత చేర్చింది. సేవ్ నొక్కింది. పద్నాలుగు రోజుల క్రితం ఇదే నొక్కి ఉంటే ఏమయ్యేదో ఆలోచించకూడదనుకుంది గానీ, ఆలోచన ఆగలేదు.

గోడ మీది తెరలో అంకె నాలుగువందల పన్నెండయింది. ఆఫీసులో కుర్చీలన్నీ అటు తిరిగాయి.

మేనేజరు పదకొండింటికి వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడ్డాడు. అప్పుడూ గొంతు పెంచలేదు.

"వచ్చే నెలాఖరుకి మీ కాంట్రాక్టు రెన్యువల్ కదా మేడమ్?"

"అవును సార్."

"దాన్ని ఒప్పుకోవాల్సింది ఎవరు?"

ఆమె మౌసు తీసుకుని, రూలుని మునుపున్నట్టే పెట్టింది. ఈసారీ నాలుగే నొక్కులు. పన్నెండింటికి తెర మీద మళ్లీ ముప్ఫై ఏడు.

ఈ మధ్యలో పై అధికారి పదకొండు టికెట్లు చూశాడు. తొమ్మిదింటిని అలాగే వదిలేశాడు. ఒకదానికి ఒక్క ముక్కలో జవాబు రాశాడు, "వయోపరిమితి నిన్నటితో ముగిసింది," అని. పర్మనెంటు గురించి పదకొండేళ్లలో ఆమె చేతికొచ్చిన మొదటి జవాబు అది.

పదకొండోదానికి ఔనన్నాడు. సోమవారం మధ్యాహ్నం నాలుగో గోదాముకి కొత్త స్కానరు చేరింది. స్టోరు పెద్దాయన టికెట్టు ఇంకోసారి పరిష్కారమైంది.