తుమ్ముకు ప్లస్సా, మైనస్సా

ఈ పరాయి దేశంలో, సెంబవాంగ్ ఓడల యార్డులో నా ఉద్యోగం బాణాలు గీయడం. నవ్వకండి. సాఫ్ట్‌వేర్‌లో కారణం నుంచి ఫలితానికి బాణం గీయాలి. కారణం పెరిగితే ఫలితమూ పెరిగేట్టయితే ప్లస్, తగ్గేట్టయితే మైనస్ పెట్టాలి.

మా శ్రీకాకుళం మేస్త్రీ ముఠా రోజూ పని ఆలస్యంగా ఎందుకు మొదలుపెడుతోందో తేల్చమన్నాడు మేనేజరు. సరైన కారణం లేకపోతే మేస్త్రీ వర్క్ పర్మిట్ రెన్యూ చెయ్యడట. మేస్త్రీని నేను బాబాయ్ అని పిలుస్తాను.

కారణం నాకు తెలుసు. ఓడ ట్యాంకులోకి దిగేముందు ఎవరు తుమ్మినా బాబాయ్ అందర్నీ కూర్చోబెట్టి మంచినీళ్లు తాగిస్తాడు. కానీ ఒక్క తుమ్మయితేనే ఆగాలి, రెండయితే శుభం కదా. మరి తుమ్ము నుంచి ఆలస్యానికి గీసిన బాణానికి ప్లస్సా, మైనస్సా? ఈ బుద్ధిలేని సాఫ్ట్‌వేర్‌కి ఒకే గుర్తు కావాలట. చివరికి సరి, బేసి అని సూత్రం రాశాను. ఇంజనీరింగ్ చదివి నేను చేసిన ఘనకార్యం ఇది.

మేనేజరు మహా గంభీరంగా విన్నాడు. "వన్ స్టాప్, టూ గో. త్రీ హౌ?"

త్రీ కూడా స్టాపే అన్నాను. వెంటనే గుమాస్తా చేత తుమ్ముల రిజిస్టరు పెట్టించాడు. గుమాస్తాకి జలుబు. ఆయన తుమ్ములు కలపాలా వద్దా అని ఒక పూటంతా మీటింగు జరిగింది.

రెండు వారాలకు నా మోడల్ తప్పని తేలింది. రెండు తుమ్ముల రోజున కూడా ముఠా ఆగింది. "యువర్ అంకుల్ లేజీ లా" అన్నాడు మేనేజరు, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం చివర 'లా' తగిలించి. ఒళ్లు మండి నేరుగా బాబాయ్ దగ్గరికెళ్లాను.

"రెండు తుమ్ములకి ఎందుకాగుతున్నారు బాబాయ్? పర్మిట్ పోయేట్టుంది."

ఆయన హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "పాత యార్డులో ఆ రోజు రొండే తుమ్ములొచ్చినాయమ్మా. సుబమని దిగిపోనాం, నానూ మా తమ్ముడూ. నోపల గాలి బాగోనేదు. నానొక్కణ్నే పైకొచ్చినాను. ఇప్పుడు ఈళ్లు నీళ్లు తాగతంటే, నాను మీటరెట్టి గాలి ఇంకోపాలి సూత్తాను. ఊరికే ఆగమంటే కుర్రోళ్లు ఇనరు. తుమ్మంటే ఆగుతారు."

"ఎవరూ తుమ్మకపోతే?"

"నానే తుమ్ముతానమ్మా."

నేను వెళ్లి బాణం తిప్పి గీశాను: ఆలస్యం నుంచి తుమ్ముకి. బాబాయ్ గాలి చూసే సంగతి చెబితే మేనేజరు వెంటనే పర్మిట్ కాగితం మీద సంతకం చేశాడు.