రీలులో మిగిలిన రెండు ఫోటోలు

నెల కిందట నాకు బీపీ మళ్లీ ఎక్కువైందని డాక్టరుగారు చెప్పిన దగ్గర్నుంచి మా కోడలు వెంటపడింది. "మావయ్యగారూ, పొద్దున్నే తాండవ డ్యాము గట్టుకెళ్లి నాలుగు కొండల ఫోటోలు తీసుకోండి, మనసు నెమ్మదిగా ఉంటాది" అంటూ తన పాత ఫోను కూడా నా చేతిలో పెట్టింది. పాపం, ఆ గట్టు పేరు వింటేనే నాకు గుండె దడ మొదలవుతుందని ఆ పిల్లకేం తెలుసు?

మన వయసువాళ్లకి రీలు కెమెరాల సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. నర్సీపట్నంలో మా పెదనాన్నగారి స్టూడియోలో పనికి కుదిరిన కొత్తలో, పెళ్లిళ్లకి ఆయన వెళ్లేవారు, చావు ఫోటోలకి నన్ను పంపేవారు. మనిషి బతికుండగా ఒక్క ఫోటో కూడా లేని ఇళ్లు అప్పట్లో చాలా ఉండేవి కాబట్టి, పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలిపోకుండా వెనకనుంచి ఒకరు పట్టుకుంటే, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి తీయించుకునేవారు. ఆ మూసుకున్న కళ్లు ఇంటికొచ్చినా నన్ను వదిలేవి కావు, అన్నం సహించేది కాదు. నా అవస్థ చూసి పెదనాన్నగారు, రీలు చివర మిగిలిన ఒకటి రెండు ఫోటోలు నాకు నచ్చినట్టు తీసుకోమన్నారు. వాటికోసమే పొద్దున మొదటి బస్సెక్కి, నాతవరం దాటి, తాండవ గట్టు మీద కూర్చునేవాణ్ణి. నీళ్లు, అవతల కొండలు, మనిషన్నవాడు లేని ఆ నిశ్శబ్దం, అవే నాకు మందు.

ఒకసారి ఆ గట్టు కింది ఊళ్లోనే, పాము కరిచి పోయిన ఆరేళ్ల పిల్లకి ఫోటో తీయాల్సి వచ్చింది. తల్లి కొండమీద జీడిపిక్కలు ఏరే కూలికి వెళ్లింది, కబురు పంపారు గాని ఇంకా రాలేదు. పొద్దు వాలకముందే పూడ్చాలని పెద్దలు తొందరపెడితే, తండ్రితో, నాయనమ్మతో తీసేశాను. కెమెరా సంచిలో పెట్టేసరికి ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి, పిల్లని ఒళ్లోకి లాక్కుని, "నాకూ నా పిల్లకీ ఒకటి తియ్యి బాబూ" అంది. రీలులో ఇంకా రెండున్నాయి. ఆ రెండూ నావేనని అప్పటికే అనుకుని ఉన్నాను, ఎలాగో అక్కణ్ణుంచి బయటపడితే చాలనిపించింది. "రీలు అయిపోయిందమ్మా" అనేశాను. ఆమె నమ్మింది.

మర్నాడు గట్టు మీద గాలి లేదు, ఒక్క పిట్టయినా కూయలేదు, నీళ్లు నల్లగా కదలకుండా ఉన్నాయి. నాకు భయం వేయాల్సింది, కాని అంత ప్రశాంతత నా జన్మలో ఎరగను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, అది నిజం. ఆ రెండూ తీశాను. కడిగి ప్రింటు వేస్తే పెదనాన్నగారు మురిసిపోయి, ఒకదాన్ని పెద్దది చేసి షోకేసులో పెట్టారు.

నెల తిరక్కుండా ఆ తల్లి స్టూడియోకి వచ్చింది. "ఆ రోజు పొరపాట్నైనా నా పిల్ల పక్కన నేను పడ్డానేమో సూడు బాబూ" అని అడిగింది. లేదన్నాను. వెళ్లబోతూ షోకేసు దగ్గర ఆగి, "ఇది మా గట్టు కదా" అని అద్దం మీద వేలు పెట్టింది. కొండ మొదట్లో, అన్నాళ్లూ నేను పొద అనుకున్న చోట, కొత్తమట్టి, నక్కలు తవ్వకుండా దాని మీద కప్పిన ముళ్లకంప. "ఇక్కడే పెట్టినాం" అంది.

ఆ ఫోటో తీసి ఆమెకి ఇచ్చేశాను. గుండెకి హత్తుకుని, "నా పిల్లని నాకిచ్చినావు బాబూ, సల్లగుండు" అని దణ్ణం పెట్టింది. ఆ తర్వాత నేను మళ్లీ ఆ గట్టెక్కలేదు.

ఇప్పుడు రీళ్లు లేవు, మా స్టూడియో ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. పుట్టిన గంటకే పిల్లలకి వందేసి ఫోటోలు తీస్తున్నారు, ఏ తల్లికీ అయిపోయాయని చెప్పే పని లేదు, అందుకు నాకు సంతోషమే. ఆమె పోయి చాలా ఏళ్లయిందని ఈమధ్యే తెలిసింది. ఆ ఫోటో మాత్రం వాళ్లింట్లో దేవుడి పటాల పక్కనే ఉందట, రోజూ దానికి బొట్టు పెడతారట, అది తీసినవాడు చాలా మంచివాడని పిల్లలకి చెబుతారట.